గడప దాటించే తీగచుట్ట: ఎల్ఈడీ నిజంగా వెలిగేలా విద్యుదయస్కాంత ప్రేరణ ప్రయోగం

పదో తరగతి పాఠంలో బొమ్మ అందరికీ గుర్తే: ఒక తీగచుట్ట, దానికి గాల్వనోమీటరు, లోపలికీ బయటికీ కదిలే దండాయస్కాంతం. సైన్స్ ఫేర్ దగ్గరపడితే పిల్లలు ఆ బొమ్మనే అట్ట మీద తయారుచేసి తెస్తారు. గాల్వనోమీటరు బడి బీరువా దాటి రాదు కనుక దాని చోట ఎల్ఈడీ తగిలిస్తారు. చెయ్యి నొప్పిపుట్టేదాకా అయస్కాంతాన్ని ఆడించినా అది మిణుక్కుమనదు. చివరికి అట్ట వెనకాల చాటుగా ఒక సెల్లు దాచి వెలిగించేవాళ్లూ లేకపోలేదు.

పాఠంలో తప్పేమీ లేదు. 1831లో ఫారడే చూసిందీ ఇదే. చిక్కంతా ఎల్ఈడీతోనే. గాల్వనోమీటరు ముల్లు మిల్లీవోల్టుకి కూడా కదులుతుంది. ఎల్ఈడీకి మాత్రం ఒక గడప ఉంది: ఎర్రదానికి సుమారు 1.8 వోల్టులు. ఒకటిన్నర వోల్టు ఇస్తే మసకగా అయినా వెలుగుతుందనుకుంటాం, వెలగదు. గడప ఇవతల ఎంతున్నా చీకటే.

ఎంత వోల్టేజి పుడుతుందో తేల్చేవి మూడు. చుట్లు ఎన్ని, ఒక్కో చుట్టులోంచి వెళ్లే అయస్కాంత అభివాహం ఎంత మారింది, ఎంతసేపట్లో మారింది. మొదటి రెండూ గుణించి మూడోదానితో భాగిస్తే వోల్టులు వస్తాయి. బడిలో చేసే మామూలు నమూనాకి లెక్క వేసి చూద్దాం. 50 చుట్లు, నల్లటి ఫెర్రైట్ అయస్కాంతం నుంచి ఒక్కో చుట్టుకి మహా అయితే 0.00003 వెబర్ (అభివాహానికి కొలమానం), చేత్తో ఆడిస్తే పదోవంతు సెకను. మొత్తం 0.015 వోల్టు. గడపలో నూరోవంతుకి కూడా రాలేదు. ఇంకాస్త గట్టిగా ఆడించండి అని చెప్పి లాభం లేదు, మూడు అంకెలనీ మార్చాలి. చుట్లు 600, నియోడిమియం అయస్కాంతంతో ఒక్కో చుట్టుకి సుమారు 0.0001 వెబర్, చేత్తో ఆడించే బదులు గొట్టంలో పడేస్తే నూరోవంతు సెకను. ఇప్పుడు అయిదారు వోల్టులు. కింద చెప్పే కొలతలన్నీ ఈ లెక్క ప్రకారం పెట్టినవే.

తీగ కొనడం

చిత్తూరు జిల్లాలో వైండింగ్ తీగ కోసం వెతుక్కోనక్కర్లేదు. బోర్లు లోతు, పలమనేరు, కుప్పం వైపు వెయ్యి అడుగులకి పోయినవీ ఉన్నాయి. మోటారు కాలడం ఇక్కడ ఏటా ఉండే ఖర్చే కాబట్టి ప్రతి మండల కేంద్రంలో రెండు మూడు వైండింగ్ అంగళ్లు కనిపిస్తాయి. కానీ అక్కడికెళ్లి ఊరికే ‘మోటారు తీగ’ అని అడిగితే బోరు మోటారుకి వాడేది చేతిలో పెడతారు. సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలోనే తిరుగుతుంది గనక ఆ తీగ మీద మందమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. మనం చుట్ట చుట్టబోయే 20 మి.మీ. జాగాలో దానితో యాభై చుట్లు పట్టడమూ కష్టమే. కావలసింది ఫ్యాన్లకి చుట్టే, సన్నటి పూత మాత్రమే ఉండే ఎనామిల్ తీగ. ‘అన్నా, ముప్పై నాలుగు గేజి ఫ్యాను వైరు, రాగిది, యాభై గ్రాములు కావాల’ అంటే చాలు, తూకం వేసి చిన్న రీలుకి చుట్టి ఇస్తారు.

34 గేజి తీగ మందం 0.23 మి.మీ. గ్రాముకి దాదాపు రెండున్నర మీటర్లు వస్తుంది. మన చుట్టకి పట్టేది 51 మీటర్లు, అంటే 20 గ్రాములే. తెగినా, లెక్క తప్పినా మళ్లీ మొదలుపెట్టడానికి మిగతాది ఉంటుంది. 36 గేజి ఇంకా సన్నం, అలవాటు లేని చేతుల్లో పుటుక్కున తెగుతుంది. 28 గేజి తెగదు గానీ 600 చుట్లు వేసేసరికి చుట్ట లావెక్కి పైచుట్లు అయస్కాంతానికి దూరమైపోతాయి.

‘రాగిది’ అని నొక్కి అడగడానికి కారణం ఉంది. ఇప్పుడు చాలా ఫ్యాన్లకి అల్యూమినియం తీగే చుడుతున్నారు. పైన ఎనామిల్ రంగు ఒకటే కావడంతో చూపుకి తేడా తెలియదు. అంగట్లోనే కొసని బ్లేడుతో గీకి చూడండి. ఎర్రగా మెరిస్తే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం. అల్యూమినియంకి టంకం పట్టదు, నిరోధం కూడా రాగికి ఒకటిన్నర రెట్లు పైనే.

మిగతా సామాను

గొట్టానికి ఇళ్లలో కరెంటు వైరింగుకి వాడే 25 మి.మీ. పీవీసీ పైపు, 60 సెం.మీ. ముక్క. లోపలి వెడల్పు 21, 22 మి.మీ. ఉంటుంది. అయస్కాంతాలు 15 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న నియోడిమియం బిళ్లలు నాలుగు. వాటంతట అవే అతుక్కుని 20 మి.మీ. పొడవు కడ్డీ అవుతాయి. ఎర్ర ఎల్ఈడీలు రెండు, 100 ఓముల రెసిస్టరు ఒకటి, జీరో నంబరు సాండ్ పేపరు, సెల్లో టేపు, ఒక మల్టీమీటరు.

ఎల్ఈడీల రంగు దగ్గర ఒక మాట. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ పెడితే చూడ్డానికి బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. ఇప్పుడు దొరికే మెరుపు పచ్చ ఎల్ఈడీకి గడప 3 వోల్టుల దగ్గర ఉంటుంది, తెలుపు, నీలం కూడా అంతే. ఎరుపు వెలిగి పచ్చ వెలగకపోతే పిల్లలు, పుట్టే కరెంటు మార్పుకి అడ్డుపడుతుందనే లెంజ్ నియమమే తప్పనుకుంటారు. రెండూ ఎరుపే పెట్టండి, లేదా ఎరుపు, పసుపు. వాటి గడపలు దగ్గరదగ్గరగా ఉంటాయి.

అయస్కాంతాల దగ్గర జాగ్రత్త అంటే ఏదో మర్యాదకి చెప్పే మాట కాదు. రెండు బిళ్లలు మధ్య చర్మం చిక్కితే రక్తం కమ్ముతుంది. ఎదురెదురుగా వదిలితే ఠప్పున కొట్టుకుని అంచులు పెచ్చులూడతాయి. చిన్నపిల్లలు రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో బిగించి రంధ్రం చేస్తాయి, అది ప్రాణం మీదికొచ్చే పని. ఇంట్లో చంటిపిల్లలుంటే ప్రయోగం అయ్యాక నాలుగు బిళ్లలూ లెక్కపెట్టి డబ్బాలో పెట్టండి. పేస్‌మేకరు ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకుపోవద్దు.

చుట్టడం

పైపు మీద పై కొస నుంచి 40 సెం.మీ. దూరంలో గీత పెట్టండి. ఆ గీతకి రెండువైపులా 10 మి.మీ. చొప్పున వదిలి, అంటే 20 మి.మీ. ఎడంతో, రెండు అట్ట చక్రాలు గట్టిగా అతికించాలి. తీగ పక్కకి జారిపోకుండా ఇవే గోడలు. పాత పెళ్లిపత్రికల అట్ట దీనికి భేషుగ్గా ఉంటుంది, మందంగా ఉంటుంది, వంగదు. మధ్యలో 25 మి.మీ. రంధ్రం, బయటి వెడల్పు 45 మి.మీ. ఫెవికాల్ పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. తడి అట్ట మీద చుట్టడం మొదలుపెడితే సగంలో గోడ పక్కకి ఒరిగి తీగ బయటికి జారుతుంది.

తీగ మొదటి కొస 15 సెం.మీ. వదిలి టేపుతో పైపుకి అంటించండి. రీలుని ఒక పెన్సిలుకి గుచ్చి, అది గిరగిరా తిరుగుతూ తీగ వదిలేలా పెట్టుకోవాలి. రీలుని కదలకుండా నిలబెట్టి పైనుంచి లాగితే ప్రతి చుట్టుకీ తీగలో ఒక మెలి పడుతుంది. ఆ మెలి బిగుసుకున్న చోటే తెగుతుంది. ఎడమచేత్తో తీగని రెండు వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుని, కుడిచేత్తో పైపుని తిప్పండి. తీగని పైపు చుట్టూ తిప్పడం కాదు, పైపే తిరగాలి. ఒక వరసకి సుమారు 75 చుట్లు పడతాయి, ఎనిమిది వరసలకి 600 అవుతాయి. దారపు ఉండలా మరీ అడ్డదిడ్డంగా కాకుండా ఉంటే చాలు, వరసలు అచ్చు గుద్దినట్టు రానక్కర్లేదు.

ప్రతి 50 చుట్లకీ కాగితం మీద ఒక గీత పెట్టుకోండి. మనసులో లెక్కపెడుతూ మాట్లాడేవాళ్లకి మూడొందలు దాటాక లెక్క తప్పకుండా ఉండదు. 150 చుట్లకోసారి టేపు ఒక పొర వేస్తే కింది వరసలు కదలవు. నిదానంగా చేసినా అరగంటలో అయిపోతుంది.

అసలు చూసుకోవలసింది తిప్పే దిక్కు. మొదలుపెట్టేటప్పుడే పైపు మీద బాణం గుర్తు వేయండి. మధ్యలో ఆపి టీ తాగొచ్చి, పైపుని అటుదిటు పట్టుకుని తిప్పారంటే, తర్వాతి చుట్లలో పుట్టే వోల్టేజి ముందువాటిని కొట్టేస్తుంది. 400 చుట్లు ఒకవైపు, 200 రెండోవైపు అయితే పనిచేసేవి 200 మాత్రమే. నిరోధం కొలిచి చూసినా ఈ తప్పు దొరకదు, తీగ పొడవు సరిగ్గానే ఉంటుంది కదా. విప్పి చుట్టడం తప్ప మార్గం లేదు.

తీగ తెగితే కంగారు పడకండి. రెండు కొసలూ గీకి, మెలివేసి, టంకం పెట్టి, టేపు చుట్టి అదే దిక్కులో కొనసాగించవచ్చు.

కొసలు గీకడం

పనిచేయని నమూనాల్లో ముందు అనుమానించవలసింది ఇక్కడే. ఎనామిల్ పొర పారదర్శకంగా, రాగి రంగులోనే ఉంటుంది కాబట్టి గీకినట్టు అనిపించి పైపైనే వదిలేస్తారు. సాండ్ పేపరుని మడిచి, మధ్యలో తీగ కొస పెట్టి, వేళ్లతో నొక్కి మెల్లగా బయటికి లాగండి. తీగని కొంచెం తిప్పి మళ్లీ లాగండి. పదిసార్లు చేశాక ముదురు గోధుమ రంగు పోయి లేత గులాబీ మెరుపు చుట్టూరా కనిపించాలి, ఒక వైపే కనిపిస్తే చాలదు. అగ్గిపుల్లతో కాల్చి తుడవడం కొందరికి అలవాటు. లావు తీగకైతే ఫరవాలేదు గానీ 34 గేజి కాలితే పెళుసై, మెలివేయగానే విరుగుతుంది.

ఇప్పుడు మల్టీమీటరుని 200 ఓముల దగ్గర పెట్టి కొలవండి. 20 ఓముల దగ్గర చూపాలి. ఒకటి అటూ ఇటూ ఉన్నా పట్టించుకోనక్కర్లేదు, మీటరు వైర్లకే 0.3, 0.5 ఓములు ఉంటుంది. ఎడమ కొసన ఒంటరిగా 1 కనిపిస్తే ఎక్కడో సర్క్యూట్ తెగి ఉందని అర్థం: పదింట తొమ్మిదిసార్లు ఎనామిల్ పూర్తిగా పోలేదు, పదోసారి తీగ లోపల తెగింది. 13, 14 చూపితే చుట్లు 400 దగ్గరే ఆగాయి, గీతలు లెక్కపెట్టుకోండి, లేదా అంగట్లో 32 గేజి ఇచ్చారు. 33 దగ్గర చూపితే తీగ అల్యూమినియం. చుట్టిన తీగని విప్పకుండానే ఇంత చెబుతుంది ఈ ఒక్క కొలత. దీన్ని దాటేసి ఎల్ఈడీ కలపడానికి తొందరపడవద్దు.

కలపడం, పడేయడం

రెండు ఎల్ఈడీలనీ ఎదురెదురుగా కలపాలి: ఒకదాని పొడుగు కాలు రెండోదాని పొట్టి కాలికి, దీని పొట్టి కాలు దాని పొడుగు కాలికి. తీగచుట్ట ఒక కొస నేరుగా ఒక జంటకి, రెండో కొస 100 ఓముల రెసిస్టరు మీదుగా రెండో జంటకి. ఒక ఎల్ఈడీ ఒక దిక్కు ప్రవాహానికి, రెండోది ఎదురు దిక్కు ప్రవాహానికి వెలుగుతాయి. ఇందులో ఇంకో లాభం ఉంది. ఎల్ఈడీలు వెనక్కి వచ్చే వోల్టేజిని 5 వోల్టులు దాటితే తట్టుకోలేవు. ఎదురెదురుగా ఉంటే ఒకటి వెలుగుతూ రెండోదాని మీద 2 వోల్టులకి మించి పడనివ్వదు.

పైపుని నిలువుగా పట్టుకుని, కింద నాలుగు మడతల పాత గుడ్డ పరిచి, పైనుంచి అయస్కాంతాన్ని వదలండి. నియోడిమియం పింగాణీలాగా పెళుసు, గచ్చు మీద పడితే రెండు ముక్కలు. చుట్టూ ఇనుప బల్ల, ఇనుప కుర్చీ లేకుండా చూసుకోండి, అవి అయస్కాంతాన్ని దారిలోనే పక్కకి లాగుతాయి.

రెండు ఎల్ఈడీలూ ఒకదాని వెంట ఒకటి తళుక్కుమంటాయి. కంటికి రెండూ ఒకేసారి వెలిగినట్టు ఉంటుంది. 40 సెం.మీ. పడేసరికి వేగం సెకనుకి 2.8 మీటర్లు, రెండు మెరుపుల మధ్య ఎడం నూరోవంతు సెకను. ఫోనులో స్లో మోషన్ 240 ఫ్రేములకి పెట్టి తీస్తే ఫ్రేముకి 4 మిల్లీసెకన్లు, ఏది ముందో స్పష్టంగా విడిపోతుంది. మామూలు 30 ఫ్రేముల వీడియోలో రెండూ ఒకే ఫ్రేములో కలిసిపోతాయి.

ఇక ఇందులో చదువుకోవలసిన సంగతి. అయస్కాంతం చుట్టలోకి దిగుతుంటే అభివాహం పెరుగుతుంది, ఒక ఎల్ఈడీ వెలుగుతుంది. బయటికి పోతుంటే తగ్గుతుంది, రెండోది వెలుగుతుంది. సరిగ్గా నడిమధ్యన ఉన్నప్పుడు అభివాహం గరిష్ఠం, వోల్టేజి సున్నా. పరీక్షలో పిల్లలు తప్పు రాసేది ఇక్కడే: అయస్కాంతం మధ్యలో ఉన్నప్పుడే కరెంటు ఎక్కువ అని. ఎంత ఉందన్నది కాదు, ఎంత వేగంగా మారుతోందన్నదే వోల్టేజిని తేలుస్తుంది. మొండిగా అక్కడే నిలబెట్టిన అయస్కాంతం ఎంత బలమైనదైనా చుట్టకి పట్టదు.

రెండో మెరుపు కొంచెం ఎక్కువ కాంతిగా, కొంచెం తక్కువసేపు ఉంటుంది. బయటికి పోయేసరికి అయస్కాంతం వేగం పెరిగింది కదా. అభివాహంలో మొత్తం మార్పు రెండుసార్లూ ఒకటే. వోల్టేజికి గ్రాఫు గీస్తే మొదటిది పొట్టిగా వెడల్పుగా, రెండోది పొడుగ్గా సన్నగా వస్తుంది. అయస్కాంతాన్ని తలకిందులు చేసి పడేస్తే వెలిగే వరస తారుమారవుతుంది. జడ్జీ అడిగితే చూపించడానికి దీనికి మించింది లేదు, సెల్లు దాచిన నమూనా ఈ పని చేయలేదు.

సరిగ్గా వెలగకపోతే ఈ వరసలో వెతకండి. మొదట 20 ఓములు ఇంకా చూపుతోందా చూడండి, కలిపేటప్పుడు కొస విరిగి ఉండవచ్చు. చూపుతుంటే ఎల్ఈడీలు రెండూ ఒకే దిక్కున కలిపారేమో చూడండి, అప్పుడు ఒక మెరుపే వస్తుంది, రెండూ ఒకేసారి వెలుగుతాయి. అదీ కాకపోతే బిళ్లలు ఒకదానికొకటి ఆకర్షించుకుంటూ కడ్డీగానే ఉన్నాయా, లేక ఒకే రకం ధ్రువాలు ఎదురెదురుగా పెట్టి బలవంతంగా అతికించారా. అలా అతికిస్తే ఒకదాని అభివాహాన్ని ఒకటి చంపేస్తుంది. టంకం కొట్టేటప్పుడు అయస్కాంతాన్ని సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టినా బలం పోతుంది, మామూలు రకం 80 డిగ్రీలకే శాశ్వతంగా బలం కోల్పోవడం మొదలవుతుంది. చివరగా 100 ఓముల రెసిస్టరు తీసేసి, కొసని నేరుగా కలిపి చూడండి. అప్పుడూ వెలగకపోతే చుట్టిన దిక్కు మీద అనుమానం.

డిజిటల్ మల్టీమీటరుని వోల్టుల్లో పెట్టి చూసి ‘0.02 వచ్చింది, ప్రయోగం పోయింది’ అనుకోవద్దు. అది సెకనుకి రెండు మూడుసార్లే కొలుస్తుంది. నూరోవంతు సెకను మెరుపు దానికి దొరకడం లాటరీ. ముల్లు ఉన్న పాత మీటరు కనీసం ఉలిక్కిపడుతుంది.

ఇదే చుట్టని ఇండక్షన్ స్టవ్ మీద పెట్టి వెలిగించే ఆలోచన ఎవరికైనా వస్తుంది, వద్దు. స్టవ్‌లో క్షేత్రం సెకనుకి ఇరవై వేలసార్లకి పైగా మారుతుంది. 600 చుట్లలో వంద వోల్టులు దాటి పుట్టవచ్చు, ఎల్ఈడీ క్షణంలో మాడిపోతుంది, కొసలు పట్టుకున్న చేతికి షాకు.

లెంజ్ నియమం చేతికి తెలియాలంటే

పుట్టిన కరెంటు తనని పుట్టించిన మార్పుకే అడ్డుపడుతుందని లెంజ్ 1834లో చెప్పాడు. మన గొట్టంలో కూడా ఆ అడ్డు ఉంది, కొసలు రెండూ కలిపేసి పడేస్తే అయస్కాంతం కొంచెం నెమ్మదిస్తుంది. కంటికి మాత్రం ఆనదు. కంటికి ఆనాలంటే రాగి గొట్టం కావాలి.

ఏసీ బిగించే మెకానిక్ దగ్గర 3/4 అంగుళం రాగి పైపు ముక్కలు మిగులుతాయి. దాని బయటి వెడల్పు 19 మి.మీ., లోపల 17 మి.మీ. దాకా. మన 15 మి.మీ. అయస్కాంతం చుట్టూ ఒక్క మిల్లీమీటరు ఎడంతో సరిపోతుంది. అర మీటరు ముక్క దొరికితే మంచిది. ఆ ఎత్తు నుంచి గాలిలో పడితే 0.32 సెకను. గొట్టంలో పడేస్తే పైనుంచి లోపలికి చూస్తుండగా, నూనెలో మునుగుతున్నట్టు నింపాదిగా, గోడల్ని తాకకుండా కొన్ని సెకన్లు పట్టి దిగుతుంది. పక్కనే అదే సైజు ఇనుప బోల్టుని వదిలితే దబ్బున పడుతుంది. ఏసీ పైపు చుట్టగా వస్తుంది కాబట్టి ముక్క తిన్నగా ఉందో లేదో ముందే చూసుకోండి, వంపు ఉంటే అయస్కాంతం ఇరుక్కుంటుంది. వేడి చేసి తీయవద్దు, వెనకనుంచి కర్రతో నెట్టండి.

రాగి దొరక్కపోతే అల్యూమినియం కర్టెన్ రాడ్డు. కొనే ముందు అయస్కాంతం అంటించి చూడండి, అంటుకుంటే అది ఇనుము మీద పూత. అల్యూమినియంలో అడ్డు తక్కువ, ఎడం ఎక్కువైతే ఇంకా తక్కువ. ఈ అడ్డు ఎడం పెరిగేకొద్దీ చాలా త్వరగా పడిపోతుంది. స్టీలు గొట్టంలో దాదాపు ఏమీ కనిపించదు: స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధం రాగికి నలభై రెట్లు. ఇంట్లో రాగి చెంబు ఉంటే దాని అడుగున అయస్కాంతాన్ని జారనిచ్చి చూడండి, స్టీలు చెంబు మీద జారినంత సులువుగా జారదు.

గొట్టం గోడల్లో గుండ్రంగా తిరిగే ఈ సుడి ప్రవాహాలే ఎడ్డీ కరెంట్లు. గొట్టాన్ని నిలువునా రంపంతో కోసి చీలిక పెడితే అవి గుండ్రంగా పూర్తిగా తిరగలేవు, అయస్కాంతం వేగం పెరుగుతుంది. అయినా పూర్తి స్వేచ్ఛగా పడదు, చీలికకి రెండువైపులా చిన్న సుడులు ఇంకా మిగిలి ఉంటాయి.

పొలంలో బోరు మోటారు తిరిగేది కూడా ఈ అడ్డుతోనే. లోపల తిరిగే భాగమైన రోటరుకి బయటినుంచి తీగ ఏదీ రాదు. దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటరు చుట్లలో మూడు ఫేజుల కరెంటు వల్ల క్షేత్రం నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది, రోటరు కడ్డీల్లో కరెంటు పుడుతుంది, మార్పుకి అడ్డుపడే స్వభావం వల్ల రోటరు క్షేత్రం వెంట పరుగెత్తుతుంది. ఎన్నటికీ దాన్ని పూర్తిగా అందుకోదు, 2850 దగ్గరే ఉంటుంది. అందుకుంటే మార్పే ఉండదు, కరెంటూ ఉండదు, బలమూ ఉండదు. ఇసుక పట్టి రోటరు బిగుసుకుంటే మార్పు గరిష్ఠంగా అలాగే ఉండిపోతుంది, అప్పుడు మామూలు కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. స్టార్టరు ట్రిప్ అయి కరెంటు ఆపకపోతే నిమిషాల్లో వైండింగ్ మాడుతుంది. ఫేజు పోయినా వాసన ఇదే.

తిరుపతి నేల క్షేత్రాన్ని కొలవడం

తీగ, మీటరు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఇంకొకటి. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు బల్లపరుపుగానే ఉంటుంది, నేలవైపు వంపు పన్నెండు పదమూడు డిగ్రీలే. అయస్కాంత భూమధ్యరేఖ తమిళనాడు దక్షిణపు కొస మీదుగా పోతుంది, మనం దానికి దగ్గర. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గరున్న రాడారుతో పైవాతావరణాన్నీ అయనోస్ఫియర్‌నీ చదువుతారు, అక్కడ ఈ దగ్గరితనం పనికొస్తుంది. మనకి పనికొచ్చే సంగతి వేరు: వంపు తక్కువ కావడంతో దిక్సూచి ముల్లు ఒకవైపు వాలి డబ్బాకి రాసుకోదు.

మగ్గం పనికి వాడే 8 అంగుళాల చెక్క ఫ్రేము తీసుకోండి, వ్యాసార్ధం 10 సెం.మీ. దాని బిగింపు స్క్రూ ఇనుముదైతే తీసేసి దారంతో కట్టండి. 26 గేజి తీగ 10 చుట్లు చుట్టండి, ఆరున్నర మీటర్లు పడుతుంది. ఫ్రేముని నిలువుగా నిలబెట్టి, నడిమధ్యన దిక్సూచి బల్లపరుపుగా ఉంచి, ఫ్రేము తలం ఉత్తర దక్షిణాలుగా ఉండేలా తిప్పండి. 5 వోల్టుల ఫోన్ ఛార్జరు, 6.8 ఓముల 5 వాట్ల సిమెంటు రెసిస్టరు, మీటరు 10 ఆంపియర్ల దగ్గర, అన్నీ వరసగా కలపండి. కరెంటు 0.65 ఆంపియరు దగ్గర వస్తుంది. ఆంపియరుకి ఈ చుట్ట ఇచ్చేది 63 మైక్రోటెస్లా (క్షేత్ర బలానికి కొలమానం). ముల్లు 45 డిగ్రీలు తిరిగిన చోట చుట్ట క్షేత్రం, భూమి క్షేత్రం సమానం. తిరుపతిలో భూమి క్షేత్రపు సమాంతర భాగం 40 మైక్రోటెస్లా దగ్గర, కాబట్టి 45కి కొంచెం అటూ ఇటూలో ఆగాలి. సరిగ్గా 45 రాకపోతే కరెంటుని 63తో గుణించి, వచ్చినదాన్ని ఆ కోణం టాంజెంటుతో భాగించండి.

రెసిస్టరు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పది సెకన్లకి మించి కరెంటు వదలకండి. వైర్ల దిక్కు మార్చి రెండోసారి చూసి, రెండు కోణాల సగటు తీసుకోండి. 60, 65 డిగ్రీలు వచ్చిందంటే దగ్గర్లో ఇనుము ఉంది: మంచం, బీరువా, స్లాబు కమ్ములు, జేబులో ఫోను. లేదా మీ నియోడిమియం బిళ్లలు అదే బల్ల మీద ఉన్నాయి. వాటిని రెండు మీటర్లు అవతల పెట్టి మళ్లీ చూడండి.

ఇదే 40 మైక్రోటెస్లాలో మన 600 చుట్ల తీగచుట్టని పదోవంతు సెకనులో బోర్లా తిప్పితే ఎంత పుడుతుందో లెక్క వేసుకోవచ్చు. 600 చుట్లు, చుట్టు వైశాల్యం 5.7 చదరపు సెం.మీ., బోర్లా తిప్పితే మార్పు రెట్టింపు. వచ్చేది పావు మిల్లీవోల్టు కంటే కాస్త ఎక్కువ. దీనికి ఎల్ఈడీ పనికిరాదు, బడి బీరువాలోని ఆ గాల్వనోమీటరే కావాలి.